గోల్ఫ్ స్వింగ్ నేర్చుకుందాం – 4: మణికట్టు ఎక్కడ విప్పుకోవాలి?

పోయిన పాఠంలో బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను, అంటే గోల్ఫ్ కర్రను, వెనక్కి పైకెత్తడం) పై కొసకు వచ్చి ఆగాం. ఎడమ చేయి చాచి ఉంది. ఎడమ ముంజేతికీ క్లబ్ షాఫ్ట్‌కీ, అంటే దాని పొడవాటి కాడకీ, మధ్య సుమారు 90 డిగ్రీల కోణం ఉంది. కుడి అరచేయి పళ్లెం మోస్తున్నట్టు వెనక్కి వంగి ఉంది. అద్దం ముందు రోజూ చేసినవాళ్లకు ఇది ఈపాటికి అలవాటై ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లు కుడి ఎడమలు మార్చి చదువుకోండి. ఆ కోణాన్ని కిందికి ఎంతదాకా తేవాలి, ఎక్కడ విప్పుకోనివ్వాలి అన్నదే ఇవాళ్టి పాఠం.

అనంతపురం పల్లెల్లో జొన్నచేనుకు కాపలా ఉన్నవాళ్ల చేతులకు ఈ సంగతి ముందే తెలుసు. మంచె మీద నిలబడి వడిసెల తిప్పేటప్పుడు చేయి ముందు పోతుంది, రాయి వెనకాల వస్తుంది. చేయి కాస్త నిదానించేసరికి రాయి దాన్ని దాటి దూసుకుపోతుంది. రాయిని ఎవరూ మణికట్టుతో నెట్టరు. క్లబ్ కూడా అంతే. కాకపోతే అక్కడ తాడు కొసను వదిలేస్తాం. ఇక్కడ పట్టు వదలం, కోణం మాత్రమే విప్పుకుంటుంది.

ఎందుకలా జరుగుతుంది? రెండు కడ్డీలను ఊహించుకోండి. భుజం నుంచి మణికట్టు దాకా ఒకటి, క్లబ్ రెండోది. మధ్యలో మణికట్టు తలుపు మడతబందులాంటిది. చేతులు కిందికి దిగుతూ వేగం అందుకునేకొద్దీ క్లబ్ హెడ్, అంటే బంతిని కొట్టే కొస, బయటికి లాగుతుంది. ఆ లాగుడుకే మడతబందు తెరుచుకుంటుంది. అప్పుడు క్లబ్ చేతులను వెనక్కి పట్టి లాగుతుంది, చేతులు నిదానిస్తాయి, వాటి వేగం హెడ్‌కు చేరుతుంది. బ్రిటన్‌లో కోక్రన్, స్టాబ్స్ 1968లో ప్రచురించిన పరిశోధన స్వింగ్‌ను ఈ రెండు కడ్డీల నమూనాతోనే వివరించింది.

నేను మొదటి ఏడాదంతా పోగొట్టుకున్నది ఇక్కడే. గట్టిగా కొట్టాలన్న ఆత్రంతో పై కొసలోనే మణికట్టు విప్పేసేవాణ్ణి. దీన్ని కాస్టింగ్ అంటారు, గాలం విసిరినట్టన్నమాట. హెడ్ వేగమంతా కుడి భుజం దగ్గరే ఖర్చైపోతుంది, బంతికంటే ముందు నేల తగులుతుంది. వానల్లేని రోజుల్లో మన ఎర్రనేల మీద అలా తగిలితే మణికట్టు నుంచి మోచేతి దాకా జివ్వుమంటుంది. ఇంటి దగ్గర సాధన చేసేవాళ్లు కింద మందపాటి కొబ్బరిపీచు పట్టా తప్పకుండా వేసుకోండి. మోచేతి లోపలివైపు నొప్పి మొదలైతే ఆ రోజుకు ఆపేయండి. నొప్పి మీద సాధన చేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

డౌన్‌స్వింగ్, అంటే క్లబ్ పై నుంచి బంతి దాకా దిగడం, మొత్తం దాదాపు పావు సెకనులో అయిపోతుంది. బంతికి హెడ్ తగిలి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు. అంత తక్కువ సమయంలో ‘ఇప్పుడు విప్పాలి’ అని ఆలోచించడం కుదరదు. అందుకే ముందుగా చెవికి నేర్పిద్దాం.

సెవెన్ ఐరన్‌ను (ఇనుప హెడ్ ఉన్న, ఏడో నంబరు క్లబ్‌ను) తలకిందులుగా తిప్పి, హెడ్‌కు దగ్గరగా షాఫ్ట్‌ను పట్టుకోండి. గ్రిప్ (మామూలుగా పట్టుకునే పిడి) ఉన్న కొస గాల్లో తిరగాలి. మామూలుగా స్వింగ్ చేసి ‘సుయ్’ మనే చప్పుడు ఎక్కడ పెద్దగా వినిపిస్తుందో గమనించండి. కుడి భుజం దగ్గరే వినిపిస్తే తొందరగా విప్పేశారు. బంతి ఉండాల్సిన చోటో, అది దాటాకో వినిపించాలి. చప్పుడును ముందుకు జరపడానికి బలం పెంచకండి. పట్టు సడలించండి, చేతిలో కోడిపిల్ల ఉన్నంత మెత్తగా. కదలిక ఎడమ కాలి మీద బరువు వేయడంతో మొదలవ్వాలి. కుడి మోచేయి పక్కటెముకల దగ్గరికి దిగాలి. ఈ రెండూ జరిగితే కోణం దానంతటదే నిలుస్తుంది. రోజూ ఇరవై సార్లు చాలు.

రెండో సాధనకు శనక్కాయ పెరికిన చేను దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. మట్టి గుల్లగా ఉంటుంది. రాళ్లు ఏరేసి, మీ రెండు పాదాల మధ్య నేల మీద ఒక గీత గీయండి. బంతి వద్దు. ఈసారి క్లబ్‌ను మామూలుగా పట్టుకుని సగం స్వింగ్ చేయండి: ఎడమ చేయి నేలకు సమాంతరంగా, షాఫ్ట్ నిలువుగా ఉన్నచోట ఆగి, అక్కణ్ణుంచి కిందికి రండి. మట్టిలో పడిన గుర్తు గీత మీదో, దానికి ఎడమవైపో మొదలవ్వాలి. కుడివైపు మొదలైతే మణికట్టు ముందే విప్పుకుంది. గీత దగ్గర చేతులు హెడ్‌కంటే కాస్త ముందుండాలి, ఎడమ మణికట్టు వెనుకభాగం చదునుగా ఉండాలి. అక్కడ మణికట్టు వెనక్కి మడత పడితే బంతిని గరిటెతో ఎత్తినట్టవుతుంది.

బెంగళూరు వెళ్లి రేంజ్‌లో, అంటే బంతులు కొట్టి సాధన చేసే మైదానంలో, కొట్టాలంటే మనకు 200 కిలోమీటర్ల పైనే ప్రయాణం. ఆ ఖర్చు ఇప్పుడే పెట్టుకోకండి. పది స్వింగుల్లో ఏడింటికైనా గుర్తు సరైన చోట పడ్డాక బంతి పెట్టండి. ముంజేతులు ఎలా తిరగాలో వచ్చే పాఠంలో చూద్దాం.