రోహిణి కార్తె రాకముందే: కుక్క, పిల్లి ఉన్న ఇళ్లకు

రోళ్లు పగిలే రోహిణి కార్తె మే నెలాఖరున వస్తుంది గానీ, కుక్కలకూ పిల్లులకూ గడ్డుకాలం మార్చి చివరి నుంచే మొదలవుతుంది. మా ఇంట్లో పదకొండేళ్ల పొమెరేనియన్ ఉంది. దాని విషయంలో నేను చేసిన తప్పులు దాదాపు అన్నీ ఒక్క నమ్మకం నుంచే పుట్టాయి: నాకు ఏది హాయిగా ఉంటే దానికీ అదే హాయి అనుకోవడం.

ముందుగా ఫ్యాను సంగతి. ఫ్యాను వేసి, తలుపులు మూసి, నిశ్చింతగా పెళ్లికి వెళ్లిపోతాం. ఆ గాలికి మన ఒళ్లు చల్లబడేది చెమట ఆరడం వల్ల. కుక్కకు చెమట పట్టేది అరికాళ్లలోనే, అదీ కొద్దిగా. ఒంట్లో వేడి పోవడానికి దానికి ఉన్న పెద్ద దారి రొప్పడమే. నాలుక మీద, నోట్లో, ముక్కు లోపల ఉన్న తడి ఆవిరైపోవాలి. మూసిన గదిలో 40 డిగ్రీల గాలిని ఫ్యాను ఎంత తిప్పినా దానికి ఒరిగేది తక్కువ. కిటికీలకు తడిపిన వట్టివేళ్ల తడికలు, పడుకోవడానికి చల్లని గచ్చు, రెండు మూడు చోట్ల నీళ్ల గిన్నెలు అంతకంటే మేలు. ఒక్క గిన్నే పెడితే అది దాన్ని తన్నేసిన రోజే మీరు ఆలస్యంగా వస్తారు. కూలర్ ఉంటే కిటికీ తెరిచి ఉంచండి. గదిలో తేమ నిండిపోతే రొప్పినా తడి ఆవిరి కాదు. అందుకే కోస్తాలో ఉక్కపోత రోజున ఎండ కాస్త తక్కువే ఉన్నా కుక్క ఎక్కువ అవస్థ పడుతుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకైతే ఆ దారి పుట్టుకతోనే ఇరుకు.

రెండోది బొచ్చు. పాపం, స్వెటర్ వేసుకున్నట్టు ఉందని ఒక వేసవిలో మావాడికి నున్నగా గొరిగించాను. వారంలో వీపు చర్మం ఎర్రగా కమిలిపోయింది. ఆ తర్వాత వెంట్రుకలు అతుకులు అతుకులుగా వచ్చాయి, పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది దాటింది. పొమెరేనియన్, హస్కీ లాంటివాటికి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పై పొర ఎండను చర్మం దాకా రానివ్వదు. చేయవలసింది గొరిగించడం కాదు, రోజూ దువ్వి, లోపల ఊడి చిక్కుకున్న నూగును తీసేయడం. దువ్వేటప్పుడే చెవుల మడతల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి.

కుక్క కాళ్లు మొద్దుబారి ఉంటాయన్నది ఇంకో అపోహ. నడకకు తీసుకెళ్లేముందు మీ అరచేతి వెనుక భాగాన్ని తారు రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మే నెలలో ఉదయం తొమ్మిదికే నేను మూడో సెకనుకు చేయి తీసేశాను. ఇక ఆగి ఉన్న కారులో, అద్దం కొంచెం దించి అయినా సరే, కుక్కను వదలడం మానండి.

ముక్కు పొడిగా ఉంటే జ్వరమని చాలామంది కంగారు పడతారు. నిద్ర లేచిన కుక్కకు ముక్కు పొడిగానే ఉంటుంది. దాని మామూలు వేడి సుమారు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, కాబట్టి మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ఈ కంగారులో ఇంట్లో ఉన్న పారాసెటమాల్ ముక్క వేయవద్దు. పిల్లికైతే ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు.

అసలు ప్రమాదం వడదెబ్బ. ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, ఎర్రబారిన చిగుళ్లు, తూలుతూ నడవడం, వాంతి కనిపిస్తే సందేహించవద్దు. పిల్లి నోరు తెరిచి రొప్పినా అంతే. వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల సందుల్లో, చల్లని నీళ్లు పోయండి. తడి తువ్వాలు చుట్టి వదిలేయకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ఇప్పుడు ఫ్యాను వేయండి. ఒళ్లు తడిగా ఉంది కాబట్టి ఇప్పుడది పనిచేస్తుంది. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు. కాస్త చల్లబడగానే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. లేచి తిరుగుతున్నా సరే తీసుకెళ్లాలి, లోపల అవయవాలు దెబ్బతిన్న సంగతి తర్వాత బయటపడవచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది: మేడమీద ట్యాంకు నీళ్లు మిట్టమధ్యాహ్నం చేయి పెట్టనివ్వవు. పొద్దున్నే ఒక బకెట్ పట్టి నీడలో ఉంచుకోండి.

తిండి విషయంలో మజ్జిగ అన్నం చాలా కుక్కలకు పడుతుంది, అందులో నంజుకునే ఉల్లిపాయ మాత్రం విషం. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, నీళ్లే ఇవ్వండి. మామిడి టెంక చీకడానికి పడేస్తే మింగేసి, పేగుకు అడ్డం పడి, చివరికి ఆపరేషన్ దాకా వెళుతుంది. చుట్టాలు వచ్చిన రోజున చెత్తబుట్టకు మూత ఉండేలా చూడండి.

చివరిది, సెలవులకు పిల్లలు వచ్చే ఇళ్ల కోసం. రేబిస్‌కు ఎండాకాలం, వానాకాలం అని లేదు. ఇంటి కుక్కే కదా అని పంటి గాటును వదిలేయడం, దాని మీద కారం, సున్నం పూయడం రెండూ తప్పే. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాతకాలపు మాట. ఇప్పుడు నాలుగైదు మోతాదులే, అవీ చేతికే వేస్తారు. కుక్కకు ఏటా వేయించే టీకా గడువు ఎప్పటితో ముగుస్తుందో కార్డు తీసి ఈరోజే చూడండి.