గిటార్ ఎంపిక – 4వ పాఠం: తీగల ఎత్తు, పాపం ట్రస్ రాడ్

ఈసారి చెక్కల గురించి రాద్దామనుకున్నాను. కుదరదు. పోయిన పాఠంలో రాసిన ఒక్క వాక్యం ఇంత పని చేస్తుందనుకోలేదు. "12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు 2.5 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది, ఎక్కువుంటే సరిచేయించుకోవచ్చు" అని రాసి ముందుకెళ్లిపోయాను. (ఫ్రెట్లంటే నెక్ అనే పొడవాటి పిడి మీద అడ్డంగా ఉండే లోహపు గీట్లు, ఆరోది అన్నిటికంటే లావు తీగ, ఎత్తంటే ఫ్రెట్ పైనుంచి తీగ దాకా ఉన్న సందు.) ఎలా సరిచేస్తారో చెప్పలేదు. తప్పు నాదే.

ఫలితం: కొందరు 3 మిల్లీమీటర్లున్న మంచి గిటార్లని కాదని వచ్చేశారు. ఇంకొందరు అలెన్ కీ (ట్రస్ రాడ్‌ని తిప్పే ఆరుపలకల కీ) చేతబట్టారు. ఒకాయన సౌండ్‌హోల్‌లోంచి కీ దూర్చి ట్రస్ రాడ్‌ని, అంటే నెక్ లోపలుండే లోహపు కడ్డీని, ఒకటిన్నర చుట్టు బిగించేశారట. "తీగలు కిందికొచ్చాయండీ, కానీ మొదటి మూడు నాలుగు ఫ్రెట్లలో జుయ్యిమంటోంది, గిటార్ మార్చేయమంటారా?" అని అడిగారు. మార్చక్కర్లేదు. బిగించినదంతా పావు చుట్టు చొప్పున వెనక్కి తిప్పి, ప్రతిసారీ శ్రుతి చేసి చూడండి. నెక్ సర్దుకోవడానికి ఒకరోజు పట్టినా కంగారుపడకండి.

మరొకరు నైలాన్ తీగల గిటార్‌ని ఈ లెక్కతో కొలిచి బెంగపెట్టుకున్నారు. నైలాన్ తీగ విశాలంగా ఊగుతుంది, దానికి ఆరో తీగ 4 మిల్లీమీటర్ల దాకా ఉండటం మామూలే. ఎత్తు తగ్గుతుందని దానికి స్టీలు తీగలు వేయొచ్చా అని కూడా అడిగారు. వద్దు. ఆ లాగుడుకి బ్రిడ్జ్ (బాడీ మీద తీగల కొసలు పట్టుకునే చెక్క) ఊడొస్తుంది.

ఇక ట్రస్ రాడ్. దీని మీద పడే నిందలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, కాబట్టి కాస్త సాగదీస్తాను.

మామూలు లైట్ గేజ్ స్టీలు తీగలు, అంటే 12–53 సెట్ (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న తీగ మందం 12, లావు తీగది 53), శ్రుతిలో ఉన్నప్పుడు ఆరూ కలిసి 70 కిలోల పైచిలుకు బలంతో లాగుతాయి. ఆ లాగుడుకి నెక్ విల్లులా ముందుకు వంగబోతుంది. ఆ వంపుని అదుపులో పెట్టడం ఒక్కటే రాడ్ పని. బాడీ దగ్గర నెక్ ఏ కోణంలో అతికిందో దానికి పట్టదు. బ్రిడ్జ్ మీద శాడిల్ ఎంత ఎత్తుందో అసలే పట్టదు. రాడ్ బిగిస్తే తీగలు కాస్త దిగే మాట నిజమే, వంపు తగ్గింది గనక. కానీ వంపు సరిగ్గా ఉన్న నెక్‌ని ఇంకా బిగిస్తే అది వెనక్కి విరుచుకుంటుంది. అప్పుడు మొదటి ఫ్రెట్లు తీగకి తగిలి మోగుతాయి. మన ఒకటిన్నర చుట్టు ఆయనకి జరిగింది అదే.

కాబట్టి ముందు వంపు చూడండి. ఆరో తీగని మొదటి ఫ్రెట్ దగ్గర ఎడమచేత్తో, నెక్ బాడీని కలిసే చోట (చాలా స్టీలు గిటార్లకి అది 14వ ఫ్రెట్) కుడిచేత్తో నొక్కండి. ఇప్పుడు ఆ తీగే మీ స్కేలు. ఏడో ఫ్రెట్ మీద సందు విజిటింగ్ కార్డు మందం కంటే కాస్త తక్కువుంటే వంపు బాగున్నట్టే. అయినా తీగలు ఎత్తుగా ఉన్నాయంటే తప్పు రాడ్‌ది కాదు. కీ లోపల పెట్టేయండి.

అప్పుడు చూడాల్సింది శాడిల్. బ్రిడ్జ్ మీద తీగలు ఆనే ఆ తెల్లటి సన్నపు పట్టీ. 12వ ఫ్రెట్ తీగకి సరిగ్గా సగంలో ఉంటుంది, అందుకే శాడిల్‌ని ఎంత అరగదీస్తే అక్కడ ఎత్తు అందులో సగమే తగ్గుతుంది. మీరు చూసిన గిటార్‌కి 3.5 ఉందనుకుందాం. 2.5కి తేవాలంటే శాడిల్ 2 మిల్లీమీటర్లు అరగాలి. ఆ శాడిల్ బ్రిడ్జ్ పైకి 5 మిల్లీమీటర్లు కనిపిస్తుంటే ఇంకా 3 మిగులుతుంది, హాయిగా కొనుక్కోండి. రెండున్నరే కనిపిస్తుంటే అరగదీశాక మిగిలేది అర మిల్లీమీటరు. తీగ శాడిల్ మీద గట్టిగా ఆనదు, గిటార్ గొంతు పడిపోతుంది. ఎత్తు రెండింటికీ ఒకటే. ఒకటి చిన్న రిపేరుతో పోతుంది, రెండోదానికి నెక్ ఊడదీసి కోణం మార్చి అతకాలి. ఓ మోస్తరు గిటార్‌కి ఆ ఖర్చు గిట్టదు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నా రెండో గిటార్‌ని తీగలు ఎంత కిందికున్నాయో చూసి మురిసిపోయి కొన్నాను. 12వ ఫ్రెట్ దగ్గర రెండు మిల్లీమీటర్లే! వేలు ఆనిస్తే చాలు, స్వరం పలికేది. శాడిల్ వంక చూడనే లేదు. చూసుంటే కనిపించేది, బ్రిడ్జ్‌తో దాదాపు సమంగా అరిగిపోయి గోరంచులా మిగిలింది. ముసురు పట్టాక పై పలక తేమకి ఉబ్బింది, తీగలు లేచాయి, దింపడానికి శాడిల్‌లో ఏమీ మిగల్లేదు. అప్పట్నుంచి ఏ గిటార్ చేతికిచ్చినా నా కళ్లు ముందు బ్రిడ్జ్ మీదికే పోతాయి, రంగు తర్వాత చూస్తాను.

పాత గిటార్ అయితే ఇంకొకటి. ఓ పొడవాటి స్టీలు స్కేలు ఫ్రెట్ల మీద, తీగల మధ్య పడుకోబెట్టి బ్రిడ్జ్ దాకా జరపండి. దాని కొస బ్రిడ్జ్ పైఅంచుని రాసుకుంటూ వెళ్తే కోణం బాగుంది. బ్రిడ్జ్ చెక్కకి ఎదురుగా గుద్దుకుంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం దూరినా అంతే.

ఎఫ్ కార్డ్ (చూపుడువేలితో ఒకేసారి పలు తీగలు నొక్కే పట్టు) పట్టలేక వేళ్లు పుళ్లు పడ్డాయన్న వాళ్లకి: మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. వెంట్రుకవాసి ఉండాలి. బాగా ఎక్కువుంటే నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడులు లోతు చాలలేదు. అది తేలికైన రిపేరు, దాని కోసం గిటార్‌ని వదులుకోవద్దు. నేనైతే మొదటి ఆరునెలలూ 12 కంటే సన్నటి 11 గేజ్ సెట్ వేసుకోమంటాను. శబ్దం పలచబడుతుందని పెద్దలు కోప్పడతారు, పడనివ్వండి.

రెండో పాఠం నుంచి మిగిలిన ప్రశ్న ఒకటి. లేబుల్ మీద "సెలెక్ట్ స్ప్రూస్" (స్ప్రూస్ ఒక చెక్క) అనుంటే అది సాలిడ్ టాప్, అంటే పొరల్లేని నిండు చెక్క పై పలక, అనుకోకండి, సాధారణంగా పొరలు అతికించిన లామినేటే. సాలిడ్ అయితే ఆ మాట వాళ్లే గొప్పగా రాసుకుంటారు. యమహాలోనే ఎఫ్310 లామినేట్, ఎఫ్‌జీ800 సాలిడ్ టాప్. చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి.

అభ్యాసం: వచ్చే పాఠంలోపు ఐదు గిటార్లు కొలవండి. ఐదూ కొత్తవే కానక్కర్లేదు, స్నేహితుల ఇళ్లలో అటక మీద ఉన్నవైనా పర్వాలేదు, అవే ఎక్కువ నేర్పుతాయి. ప్రతిదాన్నీ ముందు శ్రుతి చేసి నాలుగు అంకెలు రాయండి: ఏడో ఫ్రెట్ దగ్గర సందు, 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు, అక్కడే ఒకటో తీగ ఎత్తు (2 మిల్లీమీటర్లు దాటకుండా ఉంటే మేలు), బ్రిడ్జ్ పైకి కనిపించే శాడిల్. ప్రతిదాని పక్కనా ఎంత అరగదీయాలి, ఎంత మిగులుతుంది అన్న లెక్క వేయండి. ఐదింటికీ ఒకే జవాబు వస్తే ఆరోది వెతకండి. అలెన్ కీ మాత్రం ఇంట్లోనే ఉంచి వెళ్లండి.