అమెరికాకు కొత్తగా వచ్చారా? మినిమం డ్యూతో సరిపెట్టకండి

మొన్న మా ఇంటికొచ్చిన ఒక ఎమ్మెస్ కుర్రాడు ఫోనులో తన క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ చూపించి, "అన్నా, నెలనెలా టైముకే కడుతున్నా, బాకీ మాత్రం తరగట్లేదు" అన్నాడు. చూస్తే ఆటోపే (బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే బిల్లు కట్టే ఏర్పాటు) ఉంది, కానీ మినిమం డ్యూకి, అంటే ఆ నెల కట్టక తప్పని కనీస మొత్తానికి, పెట్టుకున్నాడు. కార్డు వచ్చిన రోజు నుంచీ అంతే. కోపం వచ్చింది, జాలీ వేసింది. అకౌంటు, సిమ్ము లాంటివి మీ సీనియర్లు ఎలాగూ చూపిస్తారు, ఇది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

ఇంట్లో పెద్దవాళ్ళు "కార్డుల జోలికి పోవద్దు" అని చెప్పి పంపిస్తారు. ఆ మాట పట్టుకుని కూర్చుంటే ఇక్కడ కుదరదు. నేను వచ్చిన కొత్తలో క్రెడిట్ హిస్టరీ (అప్పు తీసుకుని తీర్చిన చరిత్ర) లేదని అపార్ట్‌మెంట్ వాళ్ళు అదనంగా డిపాజిట్ అడిగారు. అంత కట్టలేక ఆ చలికాలమంతా తెలిసినవాళ్ళ హాల్లో నేల మీదే పడుకున్నాను. మీరు అప్పులు ఎంత సరిగ్గా తీరుస్తారో చూపే ఫైకో స్కోరు రావాలంటే ఆరు నెలలైనా నడిచిన ఖాతా ఒకటి ఉండాలి. అందుకే కార్డు తొందరగా తీసుకోండి. మామూలు కార్డు ఇవ్వనంటే సెక్యూర్డ్ కార్డు అడగండి. సాధారణంగా మీరు కట్టిన డిపాజిట్ ఎంతో, లిమిట్ అంత ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఆటోపే పెట్టేటప్పుడు మినిమం డ్యూ, స్టేట్‌మెంట్ బ్యాలెన్స్, మీకు నచ్చిన మొత్తం అని అడుగుతుంది. స్టేట్‌మెంట్ బ్యాలెన్స్, అంటే ఆ నెల బిల్లు మొత్తం, ఎంచుకోండి. దయచేసి ఇప్పుడే యాప్ తెరిచి చూసుకోండి.

3000 డాలర్ల బాకీ, ఏడాదికి 24 శాతం వడ్డీ అనుకుందాం. నెలకి వడ్డీయే 60 డాలర్ల దాకా అవుతుంది. చాలా బ్యాంకుల మినిమం అంటే ఆ వడ్డీ, దానికి తోడు అసలులో 1 శాతం. అంటే మీరు కష్టపడి 90 కడితే అసలు తరిగేది 30. ఇంతటితో అయిపోలేదు. మొత్తం కట్టేవాళ్ళకి స్టేట్‌మెంట్ వచ్చాక కనీసం 21 రోజులు వడ్డీ లేని గడువు ఉంటుంది. బాకీ మిగిల్చారో, మామూలుగా ఆ గడువు పోతుంది. ఆ తర్వాత కొన్న కిరాణా సామానుకి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. ఆ కుర్రాడికి తెలియనిది ఇదే.

స్టేట్‌మెంట్‌లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. మినిమమే కడుతూ పోతే బాకీ తీరడానికి ఎంతకాలం పడుతుందో, మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో అందులో రాసి ఉంటుంది. 2009 నాటి కార్డ్ చట్టం వల్ల బ్యాంకులు అది వేయక తప్పదు. ఆ అంకె ఒక్కసారి చదివితే నేను ఇంత చెప్పక్కర్లేదు.

"కొంత బాకీ ఉంచితే స్కోరు పెరుగుతుంది" అని రూమ్మేట్లు చెబుతారు. అబద్ధం. పూర్తిగా కట్టేసినా స్కోరు పెరుగుతుంది. కార్డుతో ఏటీఎంలో డబ్బు మాత్రం తీయకండి. ఫీజు వేస్తారు, వడ్డీ ఆ రోజు నుంచే పడుతుంది.

సరే, భయపెట్టింది చాలు. డ్యూ డేట్ ఒక రోజు దాటిందని టెన్షన్ పడి నిద్ర మానుకోకండి. లేట్ ఫీ, కాస్త వడ్డీ పడొచ్చు, అంతే. 30 రోజులు దాటితేనే అది క్రెడిట్ బ్యూరోలకి (అందరి అప్పుల రికార్డు ఉంచే సంస్థలకి) వెళుతుంది. కానీ వెళితే ఏడేళ్ళు మీ రిపోర్టులో ఉంటుంది. వెంటనే కట్టి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి, మొదటిసారైతే ఫీజు తీసేయమని అడగొచ్చు. మీ కార్డు ఎవరైనా దొంగతనంగా వాడినా చట్టం ప్రకారం మీ మీద పడేది గరిష్ఠంగా 50 డాలర్లే. ఈ విషయంలో డెబిట్ కార్డు కంటే ఇదే నయం, ఒప్పుకోవాలి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు ముందు ఆ కార్డు వాడటం ఆపండి. రోజువారీ ఖర్చులు డెబిట్ మీద పెట్టి, మినిమం కంటే ఎంత ఎక్కువ వీలైతే అంత కట్టండి. రెండు కార్డులుంటే దేన్నీ మినిమం కంటే తగ్గనివ్వకుండా, మిగిలిందంతా ఎక్కువ వడ్డీ ఉన్నదానికి వేయండి. మొత్తం తీర్చాక కూడా తర్వాతి స్టేట్‌మెంట్‌లో కాస్త వడ్డీ కనిపిస్తే కంగారు పడకండి. అది స్టేట్‌మెంట్ తేదీకీ మీరు కట్టిన తేదీకీ మధ్య పడ్డ వడ్డీ. అదీ కట్టేసి, ఖాతా మూయకుండా ఉంచుకోండి.