చంకన బిందెతో నిలబడ్డ మనిషిని చెక్కలో చెక్కాలంటే

చెక్కతో మనిషి బొమ్మ చేయాలనుకుంటే మొదటి వారం ఉలి ముట్టకండి. కాగితం, పెన్సిల్ పట్టుకుని కుళాయి దగ్గర కూర్చోండి. బిందె చంకన పెట్టుకుని వెళ్లే ఆవిడను గమనించండి: బిందె ఉన్న వైపు తుంటి బయటికి వస్తుంది, పై ఒళ్లు రెండో వైపు ఒరుగుతుంది, ఖాళీ చెయ్యి దానంతటదే పక్కకి లేస్తుంది. ఇదంతా బరువు చేయించే పని, ఇది పట్టుకోకపోతే ముఖం ఎంత అందంగా చెక్కినా బొమ్మ కర్రలాగే ఉంటుంది. భుజాల గీత, తుంటి గీత, వెన్ను ఒంపు, ఈ మూడూ వస్తే చాలు.

తర్వాత అదే బొమ్మను కాగితం మీద రెండే రంగులతో వెయ్యండి, వెలుగు వైపు ఒకటి, నీడ వైపు ఒకటి. ఆ రెండూ కలిసే అంచు ఉంటుంది చూశారా, చెక్కలో ఒళ్లు మలుపు తిరగాల్సింది అక్కడే. నాకు పెయింటింగ్ వల్ల జరిగిన పెద్ద మేలు ఇదే.

చెక్క విషయానికొస్తే తెల్ల పొణికి దొరికితే అదే వాడండి, కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసేది దానితోనే, తేలిగ్గా మెత్తగా ఉంటుంది. పచ్చిది వద్దు, ఆరేకొద్దీ పగులుతుంది.

దుంగ ముందువైపు ఎదుటి ఆకారం, పక్కవైపు పక్క ఆకారం గీసుకోండి, మోకాలు, నడుము రెండువైపులా ఒకే ఎత్తులో పడాలి. మనిషి ఎత్తు సుమారు 7½ తలల పొడవంటారు గానీ 6 అంగుళాల బొమ్మకి ఆ లెక్క పెడితే తల చిన్నదైపోయి ముఖంలో కుంచె తిప్పడానికి చోటుండదు, నేనైతే 6 తలలకు తగ్గిస్తాను. ముందు బాడిసతో పెద్ద ముక్కలు తీసేసి, తర్వాత ఉలి, చివర్లో ఆకురాయి.

పక్కకి లేచిన చెయ్యి మాత్రం అదే దుంగలో చెక్కొద్దు, చెక్క నార చేతికి అడ్డంగా పడి పుటుక్కున విరుగుతుంది. నార చేతి పొడవునా ఉండేలా వేరే ముక్కలో చెక్కి, కొండపల్లిలో చేసినట్టు చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించండి. బిందె కూడా అంతే. మక్కు పూర్తిగా ఆరాకే సుద్ద పూత, ఆపైన రంగులు.

కళ్లు అన్నిటికన్నా చివర. చూపు బిందె మీద పెట్టకండి, ఆవిడ చూసేది దారినే.