డబ్బా గిటార్ – 5వ పాఠం: కుంగిన మూత, తప్పిన మెట్లు

బిస్కెట్ డబ్బా, కర్ర, మూడు తీగలతో మనం చేసుకుంటున్న గిటార్‌కు ఈసారి మెట్లు (స్వరస్థానాల కోసం కర్ర మీద అడ్డంగా ఉండే ఫ్రెట్లు) బిగిద్దాం అని పోయిన పాఠంలో మాటిచ్చాను. ఆ మాట సగమే నిలబెట్టుకోగలను. నాలుగో పాఠం చూసి తీగలు బిగించినవాళ్లు పంపిన ఫోటోల్లో చాలా బిస్కెట్ డబ్బాలు ఎవరో మోచేయి పెట్టి నొక్కినట్టు మధ్యలో కుంగిపోయి ఉన్నాయి. ఒకరిదైతే బ్రిడ్జ్ (మూత మీద తీగల్ని ఎత్తిపట్టే అడ్డకట్ట) లోపలికి దిగిపోయి, తీగలు మూత మీద పడుకున్నాయి. "శ్రుతి చేస్తుంటే టప్పుమంది మాస్టారూ" అని రాశారు. ఆ టప్పు నా పుణ్యమే.

"కర్రను డబ్బాకు అమర్చండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. కర్ర డబ్బాకు ఒకవైపు నుంచి దూరి రెండోవైపు బయటికి రావాలన్నది నా దృష్టిలో చెప్పనక్కర్లేని సంగతి. సొరబుర్రలోంచి కర్ర దూర్చిన ఏక్‌తారాను మీరంతా చూసే ఉంటారు కదా అనుకున్నాను. మీరేమో కర్రను డబ్బా అంచు దాకా తెచ్చి, రేకులోకి రెండు స్క్రూలు దింపి ఊరుకున్నారు. తీగల రెండో కొసను కూడా ఆ రేకుకే తగిలించారు.

ఇప్పుడు లెక్క చూడండి. మనం వాడుతున్నవి ఎలక్ట్రిక్ గిటార్ పది నంబరు సెట్లోని (అన్నిటికన్నా సన్న తీగ అంగుళంలో నూరోవంతు మందం ఉండే సెట్టు) అయిదో, నాలుగో, మూడో తీగలు. వాటిని జి, డి, జి స్వరాలకు, అంటే కింది స, ప, పై స లాగా శ్రుతి చేస్తాం. 600 మిల్లీమీటర్ల పొడవు మీద ఈ మూడూ కలిసి లాగే బలం దాదాపు 20 కిలోలు. బిస్కెట్ డబ్బా రేకుకు ఇరవై కిలోల బియ్యం మూట తగిలించి, కుంగకుండా ఉండమంటే ఉంటుందా? ఆ బరువు మోయాల్సింది కర్ర. డబ్బా పని శబ్దం ఇవ్వడం వరకే.

అమెరికాలో లెస్ పాల్ అనే గిటార్ వాద్యకారుడు 1940 ప్రాంతంలో ఇంకా మొండిగా వెళ్లాడు. నాలుగంగుళాల చదరపు దుంగకు తీగలు బిగించి, పికప్ (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే పరికరం) పెట్టి వాయించాడు. దుంగను చూసి జనానికి గిటార్ అనిపించలేదు. దాంతో ఒక గిటార్ డొల్లను నిలువునా కోసి, ఆ రెండు ముక్కల్నీ దుంగకు చెరోవైపు తగిలించాడు. అవి చూపుకే, తీగల లాగుడంతా దుంగదే. మన దగ్గర పికప్ లేదు కాబట్టి శబ్దానికి డబ్బా కావాలి. బరువు సంగతిలో మాత్రం అదే సూత్రం.

కుంగిన డబ్బాను పారేయకండి. మూత తీసి, లోపలివైపు నుంచి చెక్క సుత్తితో మెల్లగా తట్టితే చాలావరకు సర్దుకుంటుంది. డబ్బాకు రెండు చివర్లా అంచు కింద కర్ర కొలతకు గాడి కోయండి. కోసిన రేకు బ్లేడుకన్నా పదును, వెంటనే ఆకురాయితో అంచులు చంపేయండి. కర్ర రెండోవైపు రెండు సెంటీమీటర్లు బయటికి రావాలి. తీగల కొసలు ఆ బయటి ముక్కకే కట్టాలి. డబ్బా లోపల ఉండే భాగంలో కర్ర పైముఖాన్ని ఓ నాలుగు మిల్లీమీటర్లు చెక్కేయండి, మూతకు తగలకూడదు. తగిలితే శబ్దం చచ్చిపోతుంది.

మూత కుంగడానికి ఇంకో కారణం బ్రిడ్జ్ ఎత్తు. తీగ బ్రిడ్జ్ ఎక్కి అవతలికి దిగేచోట ఎంత వంపు తిరిగితే మూత మీద అంత భారం. వంపు 15 డిగ్రీలైతే మూత మీద పడేది సుమారు 5 కిలోలు. 30 డిగ్రీలైతే 10 కిలోలు. ఫోటోల్లో కొన్ని బ్రిడ్జ్‌లు గుడి గోపురాల్లా ఉన్నాయి. పిల్లల కంపాస్ బాక్సులోంచి కోణమానిని తెచ్చి కొలవండి, 15 దాటితే బ్రిడ్జ్ తగ్గించండి. మూత అడుగున, సరిగ్గా బ్రిడ్జ్ కిందికి వచ్చేలా, అరచేయంత సన్నటి ప్లైవుడ్ ముక్క అంటించండి. బిగింపు కోసం క్లాంపులు కొనకండి. పాత సైకిల్ ట్యూబును పొడుగ్గా చీల్చి గట్టిగా చుట్టి రాత్రంతా వదిలేయండి. నా ఇంట్లో క్లాంపులు ఉన్నా నేను ట్యూబే వాడతాను.

కర్ర గురించి ఒక మాట. నవారు మంచం పట్టె దొరికితే కళ్లకద్దుకోండి. ఏళ్ల తరబడి ఎండిన టేకు, ఇక వంకర తిరగదు. 38 మిల్లీమీటర్ల వెడల్పు, 20 మందం ఉంటే చాలు. సెంట్రింగ్‌కు వాడే సరుగుడు కర్ర వద్దు, వారంలో మెలి తిరుగుతుంది. మందం తగ్గించి నాజూకుగా చేద్దామనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: మందం సగమైతే వంగడం ఎనిమిది రెట్లవుతుంది. ఇంగ్లండులో బ్రయాన్ మే, వాళ్ల నాన్న హెరాల్డ్ 1963లో గిటార్ చేయడం మొదలుపెట్టినప్పుడు మెడకు (మన గిటార్‌లో కర్ర చేసే పనికి) దొరికింది వందేళ్ల నాటి చలిమంట గూడు చట్రం చెక్క. అందులో పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. స్వరాన్ని ఊపే వైబ్రాటో మీట కింద స్ప్రింగులు 1928 నాటి పాంథర్ మోటారు సైకిలువి. ఆ గిటార్‌నే బ్రయాన్ క్వీన్ అనే రాక్ బృందంలో దశాబ్దాలపాటు వాయించాడు. కాబట్టి మీ మంచం పట్టెకు పురుగు చిల్లులు రెండున్నాయని బెంగపడకండి.

ఇక మెట్లు. ఫ్రెట్ అనకుండా మెట్టు అంటున్నానేమిటని ఒకరడిగారు. వీణకు ఉన్నవి మెట్లే, పన్నెండు మెట్ల కిన్నెర పేరులో ఉన్నవీ మెట్లే. మనకూ పన్నెండే.

ముందుగా నట్. బోల్టుకు బిగించే నట్ కాదు, మెడ పైకొసన తీగలు ఆనే అడ్డకట్ట. మనం అక్కడ పెట్టేది 6 మిల్లీమీటర్ల బోల్టు కావడంతో ఈ గందరగోళం వచ్చింది. ఒకరు పాపం బోల్టు తీసేసి నట్ పెట్టారు. బోల్టు పెట్టండి, దాన్ని నట్ అనండి, ముందుకు పోదాం.

నట్ నుంచి బ్రిడ్జ్ దాకా 600 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో (పన్నెండో మెట్టు సరిగ్గా సగం పొడవులో పడేలా చేసే అంకె ఇది) భాగిస్తే 33.7 వస్తుంది, అది మొదటి మెట్టు. మిగిలిన 566.3ను మళ్లీ 17.817తో భాగిస్తే 31.8, అది మొదటికీ రెండోదానికీ మధ్య దూరం. అలా పన్నెండు సార్లు. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1581లోనే ఈ పని 18తో చేయమన్నాడు. మన పొడవు మీద ఆ లెక్కతో పన్నెండో మెట్టు సగానికి రెండు మిల్లీమీటర్ల ముందే పడుతుంది. మెట్టు మీద వేలు నొక్కినప్పుడు తీగ సాగి స్వరం కాస్త పెరుగుతుంది కాబట్టి ఆ తేడా కొంత సర్దుకుంటుంది. అయినా మనం 17.817తోనే పోదాం.

నట్ నుంచి దూరాలు మిల్లీమీటర్లలో ఇవి: 33.7, 65.5, 95.5, 123.8, 150.5, 175.7, 199.5, 222.0, 243.2, 263.3, 282.2, 300.

ఇక్కడ ఆగండి. పై వాక్యంలో "నట్ నుంచి" అన్న రెండు మాటల్ని మళ్లీ చదవండి. మూడోసారి కూడా చదవండి. ఎన్ని సార్లు చెప్పినా మొదటి మెట్టు గీసి, స్కేలును ఆ గీత మీదికి జరిపి, రెండోది గీసి, మళ్లీ జరిపి, ఇలా పాకుతూ పోయేవాళ్లు ఉంటారు. లెక్క వరసగా చేసుకోండి, నాకభ్యంతరం లేదు. గీత మాత్రం ప్రతిదీ నట్ నుంచే. పెన్సిల్ గీత మందమే అర మిల్లీమీటరు. పాకుతూ పోతే ఆ అర పన్నెండు సార్లు పేరుకుని ఆరు అవుతుంది. పన్నెండో మెట్టు దగ్గర ఆరు మిల్లీమీటర్లంటే ఒక స్వరస్థానంలో మూడోవంతు తప్పినట్టు. అది పాట కాదు, పంటి నొప్పి. స్కేలును ఒక్కసారి పెట్టండి, టేపు ముక్కతో కదలకుండా అంటించండి, పన్నెండు గీతలూ గీసేదాకా ముట్టుకోకండి.

స్కేలు అంటే స్టీలు స్కేలు. దర్జీ టేపు సాగుతుంది, దానితో జాకెట్లు కుట్టండి. చెక్క స్కేలు కొస అరిగి ఉంటుంది, సున్నా నుంచి కాక 10 దగ్గర మొదలుపెట్టి చివర్లో 10 తీసేయండి. నట్ నుంచి అంటే బోల్టు నడినెత్తి నుంచి, తీగ ఆనేచోటు నుంచి. బోల్టు అంచు నుంచి కాదు, కర్ర కొస నుంచి అసలే కాదు. ఒకాయన కర్ర కొస నుంచి 600 కొలిచి నట్‌ను 15 మిల్లీమీటర్లు లోపల పెట్టారు. ఇంకొకామె మెట్లన్నీ చక్కగా గీసి, తర్వాత డబ్బా మీద అందంగా ఉంటుందని బ్రిడ్జ్‌ను 15 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. 615 పొడవుకు పన్నెండో మెట్టు 307.5 దగ్గర ఉండాలి, ఆమెది 300 దగ్గరే ఉండిపోయింది. పొడవు మారితే పన్నెండు అంకెలూ మారతాయి. నేను రాసినవి 600కి మాత్రమే.

సరిచూసుకోవడం తేలిక. పన్నెండో మెట్టుకు నేరుగా పైన తీగకు వేలు ముట్టీ ముట్టనట్టు ఆనించి మీటండి, గంట మోగినట్టు సన్నటి స్వరం వస్తుంది. తర్వాత అదే మెట్టు మీద గట్టిగా నొక్కి మీటండి. రెండూ ఒక్కటిగా ఉండాలి. నొక్కిన స్వరం పైకి పోతే బ్రిడ్జ్‌ను నట్ నుంచి కొంచెం దూరం జరపండి, కిందికి దిగితే దగ్గరికి. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి జరపాల్సి వస్తే గీతల్లో తప్పుంది. లావు తీగవైపు బ్రిడ్జ్ కాస్త ఎక్కువ వెనక్కి వెళ్తుంది, ఏటవాలుగా ఉందని కంగారుపడకండి. బ్రిడ్జ్‌ను అంటించొద్దన్నది అందుకే.

గీతల మీద అప్పుడే రంపం పెట్టకండి. ముందు కేబుల్ టైలు తెచ్చి ప్రతి గీత మీద మెడ చుట్టూ బిగించండి. అవే తాత్కాలిక మెట్లు. స్వరం తప్పితే జరుపుకోవచ్చు. వీణ మెట్లను మైనంలో నిలిపి చెవితో సరిచేసే పద్ధతిలో ఉన్న వెసులుబాటు ఇదే. సైకిల్ చువ్వలతో అసలు మెట్లు వచ్చే పాఠంలో. ఇన్ని చెప్పానుగానీ నా సొంత డబ్బా గిటార్‌కు మెట్లే లేవు. పాత స్పానర్ సాకెట్ ఒకటి చిటికెన వేలికి తొడుక్కుని తీగ మీద జారుస్తాను.

అభ్యాసం: మీ మంచం పట్టెను 600 మిల్లీమీటర్ల ఎడంతో రెండు ఇటుకల మీద పెట్టి, మధ్యలో అయిదు కిలోల బరువు వేలాడదీసి రాత్రంతా ఉంచండి. తీశాక మళ్లీ తిన్నగా రాకపోతే ఆ కర్ర వద్దు. ఇంకొకటి, 560 మిల్లీమీటర్ల పొడవుకు పన్నెండు మెట్లూ కాలిక్యులేటర్ లేకుండా కాగితం మీద లెక్కగట్టి, ఒక పొడుగాటి కాగితం పట్టీ మీద గీయండి. పన్నెండోది 280 దగ్గర అర మిల్లీమీటరు తేడాలోపు పడాలి. పడకపోతే మొదటి నుంచి. ఫోటోలు పంపేటప్పుడు డబ్బాను పక్కనుంచి తీయండి, మూత ఎంత కుంగిందో నాకు కనపడాలి.