జర్మనీలో ఇల్లు కడుతున్నారా? ముందు మంచు లెక్క తేల్చుకోండి

విశాఖలో ఇల్లు కట్టేవారికి తుపాను గాలి గుర్తొస్తుంది. పైకప్పు మీద పేరుకునే మంచు ఎంత తూగుతుందన్న ఆలోచన వారికి ఎందుకు వస్తుంది? అందుకేనేమో, జర్మనీలో స్థలం కొన్న మనవాళ్లు వంటగది గట్టుకు ఏ రాయి వేయించాలో నెలల తరబడి తర్జనభర్జన పడతారు కానీ, ఒప్పందంలో మంచు భారం అన్న పంక్తి దగ్గర ఆగరు. నేనూ మొదట ఆగలేదు.

మంచు భారాన్ని బట్టి ఆ దేశాన్ని 1, 1ఎ, 2, 2ఎ, 3 అని ఐదు జోన్లుగా విడగొట్టారు. ఏ ఊరు ఏ జోన్ కిందికి వస్తుందో బెర్లిన్‌లోని నిర్మాణ సాంకేతిక సంస్థ డీఐబీటీ పట్టికగా ప్రచురించింది. ఊరి పేరుతో వెతికితే దొరికిపోతుంది. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కానీ తేలింది సగమే. మిగతా సగం సముద్రమట్టం నుంచి మీ స్థలం ఎంత ఎత్తున ఉందన్నది.

జోన్ 2నే తీసుకోండి. స్థలం ఎత్తును మీటర్లలో రాసి, దానికి 140 కలిపి, 760తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 1.91తో హెచ్చించి, చివర 0.25 కలపాలి. 300 మీటర్ల ఎత్తుకు 0.89 వస్తుంది, 600 మీటర్లకు 2.06. ఇవి చదరపు మీటరుకు కిలోన్యూటన్లు. ఒక కిలోన్యూటన్ సుమారు వంద కిలోల బరువు కాబట్టి, ఒకే జోన్‌లో ఒకచోట 90 కిలోలు, మరోచోట 200 దాటుతుందన్నమాట. కొండవాలు ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. లోయలోని చర్చి 300 మీటర్ల దగ్గర, వాలు మీద మీ స్థలం 450 దగ్గర ఉంటే, 0.89 కాస్తా 1.40 అవుతుంది. ఊరి ఎత్తు కాదు, మీ స్థలం ఎత్తు వేసి లెక్క కట్టించండి.

మాది కొండ ప్రాంతం కాదులే అని ఉత్తరాది మైదానంలో ఉన్నవారూ నిశ్చింతగా ఉండడానికి లేదు. అక్కడ అరుదుగా కురిసే భారీ మంచు కోసం మామూలు విలువకు 2.3 రెట్ల భారాన్ని కూడా సరిచూడాలన్న నియమం ఉంది. హార్జ్ కొండల పైభాగం వంటి కొన్నిచోట్ల సూత్రం చెప్పేదానికంటే ఎక్కువ విలువ వాడాలి. అది స్థానిక నిర్మాణ అనుమతుల కార్యాలయాన్నే అడిగి తెలుసుకోవాలి.

ఇక అసలు మెలిక. పైన చెప్పినదంతా నేల మీది మంచు. 30 డిగ్రీల లోపు వాలున్న కప్పుకు అందులో 0.8 వంతు తీసుకుంటారు. అంటే 2.06 కాస్తా 1.65 అవుతుంది. వాలు పెరిగేకొద్దీ భారం తగ్గి, 60 డిగ్రీల దగ్గర సున్నాకు చేరుతుంది. అయితే మంచు జారి బాటసారుల నెత్తిన పడకుండా కప్పు అంచున కంచె బిగిస్తే, ఎంత నిటారు కప్పుకైనా 0.8 తగ్గదు. కాబట్టి అమ్మేవాళ్లు ఏదైనా అంకె చెప్పగానే, అది నేలదా, కప్పుదా అని అడగండి. ఫ్యాక్టరీలో భాగాలు తయారుచేసి తెచ్చి నిలబెట్టే రెడీమేడ్ ఇళ్ల కంపెనీలు ఒక మామూలు విలువకు డిజైన్ చేసి ధర చెబుతాయి. మీ స్థలానికి అంతకంటే ఎక్కువ కావాలంటే దూలాలు లావవుతాయి, బిల్లూ పెరుగుతుంది. సంతకానికి ముందే ఆ అంకెను ఒప్పందంలో రాయించుకోండి. తరువాత అడిగితే వాళ్లు చెప్పిందే ధర.

ఇంటి పెద్దకప్పు కంటే నాకు ఎక్కువ భయం దాని కింద ఆనుకుని ఉన్న గ్యారేజీ గురించే. పైనుంచి జారిన మంచంతా దాని మీదే పడుతుంది. దుకాణంలో కొని తెచ్చి బిగించే కారు షెడ్డు, వరండా కప్పు కూడా అంతే, వాటి కాగితాల్లోని అంకెను మీ స్థలం అంకెతో పోల్చి చూడకుండా కొనకండి. సౌరఫలకాలు తరువాత పెట్టాలనుకుంటే, వాటి బరువును ఇప్పుడే లెక్కలో చేర్పించడం చవక.

చలికాలం వచ్చాక మంచు మందం చూసి మోసపోకండి. పది సెంటీమీటర్ల తాజా పొడిమంచు చదరపు మీటరుకు పది కిలోలు, తడిమంచు అయితే 40 దాకా, మంచుగడ్డ అయితే 90. తూచడం తేలికే. నిచ్చెన మీద నిలబడి చేతికందే చదును కప్పు మీద, పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు ముక్కగా అడుగుదాకా మంచును కోసి, సంచిలో వేసి వంటింటి కాటా మీద పెట్టండి. 900 గ్రాములు తూగితే చదరపు మీటరుకు 90 కిలోలు.

2006 జనవరి 2న బాట్ రైషెన్‌హాల్ పట్టణంలో మంచు స్కేటింగ్ హాలు కప్పు కూలి 15 మంది చనిపోయారు. ఆ రోజు కప్పు మీద ఉన్న మంచు డిజైన్ విలువను దాటలేదు. చెమ్మకు తట్టుకోలేని జిగురుతో అతికించిన చెక్క దూలాలు ఏళ్ల తరబడి బలం కోల్పోయాయి. కాబట్టి అటక మీది చెక్కకు చెమ్మ తగిలిందేమో ఏటా మంచు పడకముందే చూడండి.

మంచు తీయవలసి వస్తే ఒంటరిగా, తాడు లేకుండా ఎక్కకండి. ఒక వాలు మొత్తం ఖాళీ చేసి రెండోదాన్ని అలాగే వదలకుండా, రెండువైపులా కొంచెం కొంచెంగా తీయాలి. మంచు కింద కనబడని ప్లాస్టిక్ వెలుతురు కిటికీల మీద కాలు పడితే నేరుగా లోపల పడతారు. మామూలుగా తిరిగే తలుపులు ఉన్నట్టుండి బిగుసుకున్నా, దూలాలు చిటపటలాడినా పార ముట్టుకోవద్దు. పిల్లలను తీసుకుని బయటికి వచ్చి, 112కు ఫోను చేయండి.