'రూమర్స్' పాటల్లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఎలా పట్టుకోవాలి

ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల 'రూమర్స్' ఆల్బమ్ 1977 ఫిబ్రవరిలో వచ్చింది. కాలిఫోర్నియాలోని సాసలీటోలో దాన్ని రికార్డు చేస్తున్నప్పుడు ఆ ఐదుగురిలో ఒక్కరి ఇల్లూ కుదురుగా లేదు. గిటారిస్ట్ లిండ్సీ బకింగ్‌హామ్, గాయని స్టీవీ నిక్స్ ఏళ్ల తరబడి కలిసి ఉండి విడిపోయారు, కీబోర్డ్ వాయించే క్రిస్టీన్ మెక్‌వీ, బేస్ వాయించే జాన్ మెక్‌వీ పెళ్లి ముగిసిపోయింది, డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్ కాపురం కూడా కూలుతోంది. ఈ సంగతి తెలిశాక చాలామంది ప్రతి లైనునీ ఎవరో ఒకరికి అంటగట్టేస్తుంటారు. అలా కాకుండా ఒక వరసలో వెళ్తే పాట ఇంకా బాగా తెరుచుకుంటుంది.

మొదట రాసిందెవరో చూడండి. మన చెవి సినిమా పాటలకు అలవాటు పడింది, అక్కడ రాసేది ఒకరు, పాడేది ఇంకొకరు, తెర మీద కనిపించేది మూడో మనిషి, కాబట్టి కథలో సందర్భం ఏంటని అడిగితే సరిపోతుంది. ఈ ఆల్బమ్‌లో ఎక్కువగా రాసినవాళ్లే పాడారు, పైగా ఎవరి గురించి రాశారో ఆ మనిషి అదే గదిలో వాయిద్యం పట్టుకుని కూర్చున్నాడు. అందుకే రెండో ప్రశ్న: ఈ పాటలో పక్కన ఎవరు వాయిస్తున్నారు, ఎవరు గొంతు కలుపుతున్నారు?

'గో యువర్ ఓన్ వే' తీసుకోండి. లిండ్సీ రాసి పాడాడు. అందులో స్టీవీకి వేరేవాళ్లతో తిరగడమే కావాలన్నట్టు ఒక లైను ఉంది, అది అబద్ధమని, తీసేయమని ఆవిడ అడిగింది, అతను తీయలేదు. అయినా కోరస్‌లో ఆవిడ గొంతు వినిపిస్తుంది చూడండి! తన మీద వేసిన నిందకు తనే హార్మొనీ పాడింది. ఇది తెలియకుండా వింటే హుషారైన రోడ్డు పాటలా ఉంటుంది, తెలిశాక ఆ కోరస్‌ను అదే చెవితో వినలేం.

వెంటనే 'డ్రీమ్స్' పెట్టండి, అదే విడిపోవడం గురించి స్టీవీ రాసినది. ఇక్కడ మాటలు ఒక్కటే చూస్తే సగమే దొరుకుతుంది, వాయిద్యాలు కూడా వినాలి. లిండ్సీ పాటలో డ్రమ్స్ తోసుకొస్తుంటాయి, చివర్లో గిటార్ అరుస్తుంది. 'డ్రీమ్స్' దాదాపు మొత్తం రెండే కార్డ్‌ల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల) మీద, ఒకే నడకతో సాగుతుంది. స్వేచ్ఛ కావాలా, వెళ్లు, కానీ ఒంటరితనం ఎలా ఉంటుందో తర్వాత తెలుస్తుంది అని నిదానంగా చెబుతుంది. నాకైతే ఈ నిదానమే ఎక్కువ గట్టిగా తగులుతుంది. అమెరికాలో ఆ బ్యాండ్‌కు నంబర్ వన్ అయిన ఒకే ఒక్క సింగిల్ (విడిగా రికార్డుగా వచ్చిన పాట) ఇదే.

మూడోది, ఆ రోజుల్లో వాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నదాన్ని నమ్మేయకండి. 'యూ మేక్ లవింగ్ ఫన్' ను క్రిస్టీన్ బ్యాండ్ లైటింగ్ చూసే కర్రీ గ్రాంట్ మీద రాసింది, జాన్‌కు మాత్రం తన కుక్క గురించి అని చెప్పింది. ఆ పాటలో బేస్ వాయించింది జానే. 'డోంట్ స్టాప్' అతనికి ధైర్యం చెబుతూ రాసినదే, ఆ విషయం అతనికి చాలాకాలం తట్టలేదు. అందుకే తర్వాతి ఏళ్లలో ఇచ్చిన ఇంటర్వ్యూలు వెతకండి, ఇద్దరి వైపూ చదవండి.

నాలుగోది, తేదీలు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 'ఐ డోంట్ వాంట్ టు నో' వింటే ఈ గొడవల్లోంచే పుట్టిందనిపిస్తుంది, నిజానికి స్టీవీ, లిండ్సీ ఈ బ్యాండ్‌లో చేరకముందు, ఇద్దరూ జంటగా పాడుకునే రోజుల్లోనే స్టీవీ రాసిన పాట అది. స్టీవీ ఎంతో ఇష్టపడ్డ 'సిల్వర్ స్ప్రింగ్స్' నిడివి ఎక్కువైందని పక్కన పెట్టి, దాని చోట్లో దీన్ని పెట్టారు.

ఆ 'సిల్వర్ స్ప్రింగ్స్' ఎక్కడికి వెళ్లిందంటే, 'గో యువర్ ఓన్ వే' సింగిల్ బి సైడ్‌కు. అంటే ఒకే రికార్డు మీద ఒకవైపు అతని నింద, రెండోవైపు ఆవిడ జవాబు. నా గొంతు నిన్ను వెంటాడుతూనే ఉంటుందని ఆవిడ అందులో అంటుంది. 1997లో 'ది డాన్స్' అనే లైవ్ షో కోసం పాడినప్పుడు ఆ వీడియోలో చివరి భాగం తప్పకుండా చూడండి, లిండ్సీ వైపు తిరిగి, కళ్లు తిప్పకుండా పాడుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ మాటకు బరువు పెరిగింది, ఎందుకంటే మధ్యలో కొన్నేళ్లు బ్యాండ్ వదిలి వెళ్లినా, నిజంగానే అతను ఎన్నో ఏళ్లు ఆ గొంతు పక్కనే వాయిస్తూ బతికాడు. కాబట్టి స్టూడియో పాటనూ స్టేజి పాటనూ విడివిడిగా చదవండి.

అన్నిటినీ ప్రేమ గొడవల ఖాతాలో వేయకండి కూడా. 'ది చైన్' ఐదుగురి పేర్లతో ఉన్న ఒకే పాట, వేర్వేరు ముక్కలు అతికించి కట్టినది, దాన్ని ఒక్క జంటకు కట్టబెడితే కుదరదు. 'గోల్డ్ డస్ట్ ఉమన్' లో బంగారు ధూళి అంటే కొకైన్ అని స్టీవీయే చెప్పింది, అక్కడ లిండ్సీ కోసం వెతక్కుండా ఆ కాలంలో వాళ్లందరి చుట్టూ ఉన్న మత్తును దృష్టిలో పెట్టుకుని వినండి.